గాలి ఆపే ఉద్యోగం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడు తలుచుకుంటే ఆశ్చర్యంగా ఉంటుంది గానీ, ఇరవై ఒకటో ఏట మనిషి తలలో ఉన్నంత జ్ఞానం ఆ తర్వాత మళ్లీ ఎప్పుడూ ఉండదేమో. వయసు పెరిగే కొద్దీ ఒక్కొక్కటీ చేతిలోంచి జారిపోయి, ఈమధ్య నా సొంత ఫోను కూడా నాకు అర్థం కాని వస్తువుల్లో చేరింది. అప్పుడు మాత్రం ఎవరేం అడిగినా నా నోట్లోంచి ముందుగా వచ్చే మాట "తెలుసు సార్". ఆ మాట చెప్పేసి, తర్వాత పక్కకు వెళ్లి అదేమిటో కనుక్కోవడం నా పద్ధతి. మెకానికల్ డిప్లొమా మూడేళ్లూ ఆ పద్ధతి మీదే గడిచాయి. మొదటి ఉద్యోగం దానివల్లే దొరికింది. ఊడిపోయే దాకా వచ్చిందీ దానివల్లే.

ఆ ఉద్యోగం సూర్యాపేట దాటాక కోదాడ వైపు వెళ్లే హైవే పక్కన, ఒక ఆటల పార్కులో. (ఇప్పుడక్కడ ఫంక్షన్ హాలు ఉంది. ఎవరి పెళ్లికో వెళ్లి, మా షెడ్డు ఉన్నచోట నిలబడి జిలేబీ తిని వచ్చాను.) యజమానిని మేమంతా చాటుగా "హైవే సారు" అనేవాళ్లం. తాతల నాటి నుంచీ భూములున్న కుటుంబం. లారీలు నడిపాడు, ఒకసారి ఎన్నికల్లో కూడా నిలబడ్డాడు. లోకంలో మంచిదేదైనా హైవే మీదుగానే వస్తుందని ఆయన నమ్మకం. అట్లా హైదరాబాదు నుంచి ఆయన తెచ్చుకున్న ఆలోచనే పెయింట్‌బాల్. గోలీలంత రంగు ఉండల్ని గాలి తుపాకుల్లో పోసుకుని, ఒకరినొకరు కాల్చుకుని, ఒంటినిండా పచ్చగా ఎర్రగా మరకలు చేసుకుని, ఆనందంగా ఇంటికి పోయే ఆట అది. ఒక్కో తుపాకీ వెనక నీళ్ల సీసాకన్నా చిన్న సిలిండరు బిగిస్తారు. దాన్ని ట్యాంకు అంటాం. అందులో గాలిని విపరీతంగా కుక్కి నింపుతారు. ఆ గాలి అడ్డదారిన బయటికి పోకుండా ట్యాంకు మెడ దగ్గర ఒక రబ్బరు రింగు కూర్చుని ఉంటుంది. చంటిపిల్ల వేలికి ఉంగరంగా సరిపోయేంత రింగు. అది చిరిగిందా, తుపాకీ పాములా బుస్సుమంటుంది, ఉండ నాలుగడుగులు పోయి కాళ్ల దగ్గర పడుతుంది. ఆ రింగుల బాగోగులు చూసుకోవడానికి సారుకు ఒక మనిషి కావలసి వచ్చింది.

ఇంటర్వ్యూలో సారు ఒక తుపాకీని బల్ల మీద పెట్టి, "గిది తెలుసా అమ్మా" అని అడిగాడు. అప్పటిదాకా నేను దగ్గరగా చూసిన తుపాకీ దీపావళికి పిల్లలు రీళ్లు పెట్టి కాల్చేది. "తెలుసు సార్, కాలేజీల ఇసొంటి దాని మీదనే ప్రాజెక్టు చేసినం" అన్నాను. కాలేజీలో మేం చేసిన ప్రాజెక్టు వేరుశనక్కాయలు ఒలిచే యంత్రం. (అది పొట్టుతో పాటు గింజను కూడా పిండి చేసేది. మా లెక్చరరు దానికి సగం మార్కులు వేసి, మిగతా సగం వేరుశనగ మీద జాలితో వేశానన్నాడు.) సారు సంతోషించి, మూడు నెలలు చూస్తానని, పని నచ్చితే ఉంచుకుంటానని చెప్పాడు.

ఇక ఇంట్లో ఏం చెప్పాలన్నది ఇంకో సమస్య. మాది త్రిపురారం దగ్గర పల్లె. మా నాయిన గొర్లు కాస్తాడు. కాలువ నీళ్లు పారే ఊరు కాబట్టి చుట్టూ వరి. కోతలయ్యాక ఆ మడుల్లోనే ఆయన మంద, ఆయన లోకం. రోజు మొత్తమ్మీద మనుషులతో మాట్లాడేదానికన్నా గొర్లతో మాట్లాడేదే ఎక్కువ. అలాంటి మనిషికి, నీ బిడ్డ మూడేళ్లు చదివి, జనం ఆదివారం పూట సరదాగా కాల్చుకునే తుపాకులకు రబ్బరు రింగులు మారుస్తున్నదని ఎలా చెప్పను? "గ్యాస్ సెక్షన్‌కు ఇంచార్జిని నాయినా" అన్నాను. నాయిన తలూపి, ఆ మాటను ఊళ్లో తనకు తోచినట్టు చెప్పుకున్నాడు. వారం తిరిగేసరికి నేను గ్యాస్ కంపెనీలో ఆఫీసరునని ఊరంతా తెలిసింది. సిలిండరు జల్దీ ఇప్పించమని ఫోన్లు మొదలయ్యాయి. పక్కింటి చిన్నమ్మకు కాదనలేక "జర చూస్తా" అన్నాను. నా గ్రహబలమేమో, ఆ మర్నాడే ఆమె సిలిండరు వచ్చేసింది. దాంతో ఊళ్లో నా పలుకుబడి మరీ పెరిగిపోయింది.

ఉద్యోగంలో మాత్రం మొదటి వారం నుంచే రింగులు చిరగడం మొదలుపెట్టాయి. ఆట అయిపోగానే తుపాకులన్నీ నా షెడ్డుకు వచ్చేవి. నేను చురుగ్గా ఒక్కొక్క ట్యాంకునూ పట్టుకుని గిర్రున తిప్పి ఊడబీకేదాన్ని. ఊడేటప్పుడు టప్పుమని శబ్దం వచ్చేది. సోడా కొట్టినప్పుడు రాదా, ఇదీ అంతే అనుకున్నాను. ఆ టప్పు తర్వాత చూస్తే రింగు ఒక పక్క నోరు తెరిచి ఉండేది. కొత్తది వేసేదాన్ని, మళ్లీ టప్పు, మళ్లీ నోరు. తప్పు నాలో ఉండొచ్చన్న ఆలోచన ఒక్క క్షణమైనా రాలేదు. రబ్బరు మంచిది కాదని తేల్చేశాను. తేల్చి ఊరుకోకుండా సారుకు రెండు పేజీల రిపోర్టు రాసిచ్చాను. నాకొచ్చిన ఇంగ్లీషంతా అందులో పోశాను. ఒక గ్రాఫు కూడా గీశాను, అడ్డంగా రోజులు, నిలువుగా చిరిగిన రింగులు. గీత చక్కగా పైకి పోతూ ఉండేది. (నేను పనిలో ఎంత చురుకు చూపిస్తున్నానో ఆ గీత చెబుతున్నదని తర్వాత గానీ తెలియలేదు.)

సారుకు ఆ రిపోర్టు ఎంత నచ్చిందంటే, హైదరాబాదులో సరుకు పంపే వాళ్లకు ఫోన్ చేసి, మా ఇంజనీరమ్మ పరీక్ష చేసింది, మీది చెత్త రబ్బరు అని గట్టిగా అరిచాడు. వాళ్లు పాపం మారు మాట్లాడకుండా ఇంకో రకం పంపారు, పసుపు పచ్చవి, మరింత గట్టివి. వాటినీ టప్పు టప్పుమని పదిరోజుల్లో ఖతం చేశాను. సారు మళ్లీ ఫోన్ చేశాడు. ఈసారి కొత్త సరుకు రావడానికి ఆలస్యమవుతుందన్నారు. నా దగ్గర రింగులు అయిపోవచ్చాయి. అప్పుడు నా కన్ను మా ఇంటి పెద్దమ్మ కుక్కరు మీద పడింది.

సూర్యాపేటలో నేను ఒక పెద్దమ్మ ఇంట్లో చిన్న గదిలో కిరాయికి ఉండేదాన్ని. ఆమెకు నేనంటే ప్రేమ, పొద్దున్నే చాయ్ ఇచ్చి పంపేది. కుక్కరు మూతకుండే రబ్బరు కూడా గాలిని ఆపేదే కదా అని నాకొక మెరుపు మెరిసింది. పాతది కావాలని అడిగితే, ఆమె అటకమీంచి తీసి ఇచ్చింది. దాన్ని బ్లేడుతో కోసి, గుండ్రంగా చెక్కి, రెండు గంటలు కూర్చుని ఒక రింగు చేశాను. చూడటానికి గారెలా వచ్చింది. ట్యాంకులో పెట్టి బిగిస్తే గాలి నాలుగు పక్కలకూ సమానంగా పోయింది. పాతది పనికిరాకపోతే కొత్తది పనికొస్తుందేమోనని, ఆమె కుక్కరుకున్న అసలు రబ్బరును కూడా చెప్పకుండా పట్టుకుపోయాను. ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి పెద్దమ్మ పొయ్యి ముందు కూర్చుని ఉంది. కుక్కరు కూత పెట్టడం లేదట. "బిడ్డా, నీ ఇంజనీరింగు మంచిదే గని, నా పప్పు ఉడుకనిస్తలేదు" అని మెల్లగా అంది. మర్నాడు కొత్త రబ్బరు కొని తెచ్చి కాళ్ల మీద పడ్డంత పని చేశాను.

సరిగ్గా అప్పుడే సారు ఒక కబురు చెప్పాడు. ఆయన కొడుకుకు కోదాడ వాళ్ల అమ్మాయితో సంబంధం కుదరబోతోంది. మాటలన్నీ అయ్యాయి, మిగిలింది రెండు కుటుంబాలూ కలిసిమెలిసి ఒక పూట గడపడమే. గుడికో హోటలుకో తీసుకుపోతే కొత్తేముంది, మన పార్కుకే పిలుస్తాను, రెండు పక్షాలూ పెయింట్‌బాల్ ఆడతాయి, కలిసి ఆడితే మనసులు కలుస్తాయి అని ఆయన నిర్ణయించాడు. (కాబోయే వియ్యంకుల చేతికి తుపాకులిచ్చి మనసులు కలపాలనుకున్న మనిషిని నేనింకెక్కడా చూడలేదు.) ఆదివారం వస్తారు, ఎనిమిది తుపాకులు తయారుగుండాలన్నాడు. నా మూడు నెలల గడువు కూడా ఆ వారంతోనే ముగుస్తుంది. "అయితయి కదమ్మా" అని అడిగాడు. "అయితయి సార్" అన్నాను. ఆ పూటకు గాలి నిలబడుతున్న తుపాకులు రెండే రెండు.

శనివారం సెలవు అడిగి మిర్యాలగూడ బస్సెక్కాను. అక్కడ మా మేనమామ ఒక రైసు మిల్లులో మెకానిక్కు. బియ్యంలోని నల్ల గింజల్ని గాలి ఊది ఏరేసే పెద్ద యంత్రం ఒకటి ఆయన చేతికింద ఉండేది. దానికి నిండా గాలి గొట్టాలు, గొట్టాల నిండా రింగులు. అంటే రింగులతోనే తెల్లవారే మనిషి ఆయన. ఇన్నాళ్లూ ఆయన దగ్గరికి ఎందుకు పోలేదంటే, పోతే నాకు తెలియదని తెలిసిపోతుంది కదా. చిరిగిన రింగుల్ని ఒక అగ్గిపెట్టెలో పోసుకుని పోయాను. ట్యాంకు బొమ్మ కూడా కాగితం మీద గీసి చూపించాను. మామ తవుడు దుమ్ము దులుపుకుని, అగ్గిపెట్టె తెరిచి, ఒక్కొక్క రింగునూ వెలుతురుకు పెట్టి చూశాడు. నేను గుక్క తిప్పుకోకుండా రబ్బరు నాణ్యత గురించి చెబుతూనే ఉన్నాను. ఆయన అంతా విని చెప్పిన మాటలు నాకిప్పటికీ అక్షరం పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"కోడలా, గివి అరిగినయి గావు, చినిగినయి. అన్ని ఒక్క తీరుగనే చినిగినయి. లోపల గాలి ఉండంగనే ఎవడో ట్యాంకు తిప్పి గుంజుతున్నడు. ట్యాంకు సగం తిప్పితే దాని మూతికున్న పిన్ను మూసుకుంటది. గాడ ఆగాలె. గన్నుల మిగిలిన గాలి కాల్చిపారేయాలె. గప్పుడు మొత్తం ఇప్పాలె. రబ్బరు మంచిదే, ఇప్పేటోనిదే తప్పు. ఎవడు వాడు?"

నాకు చెవులు వేడెక్కాయి. మూడు నెలల టప్పులన్నీ ఒక్కసారిగా తలలో మోగాయి. ఆ క్షణాన "నేనే మామా" అంటే సరిపోయేది. "ఒకడున్నడు మామా, కొత్తగ చేరిండు" అన్నాను. మామ నా మొహం వంక చూశాడు, తర్వాత నా చేతుల వంక చూశాడు. ట్యాంకులు తిప్పీ తిప్పీ నా కుడిచేతి బొటనవేలి మొదట్లో చర్మం కాయ కాసి ఉంది. "వానికి జెప్పు, చేతులల్ల జర నిమ్మళం ఉండాలెనని" అన్నాడు. మిల్లు పెట్టెలోంచి సరిపోయే నల్ల రింగులు ఏరి, ఇవి ఆ గాలికి ఒకటి రెండు రోజులే ఆగుతాయని, తర్వాత అసలువే వేసుకోవాలని చెప్పి, ఒక గుప్పెడు ఇవ్వబోయాడు. నేను ఎనిమిదే తీసుకున్నాను. మా దగ్గర స్టాకుందన్నాను. ఆ మాట ఎందుకన్నానో ఆ దేవుడికే తెలియాలి.

ఆదివారం పొద్దున్నే షెడ్డు తలుపు వేసుకుని, మామ చెప్పినట్టే సగం తిప్పి, ఆగి, కాల్చి, మొత్తం విప్పి, ఎనిమిదీ మార్చాను. ఒక్క టప్పు కూడా రాలేదు. ఆ నిశ్శబ్దం వింటే సంతోషమూ సిగ్గూ రెండూ కలిగాయి. పదింటికి కోదాడ నుంచి మూడు కార్లు వచ్చాయి. సారు ఎదురెళ్లి నమస్కారాలు పెడుతున్నాడు. అదే సమయంలో హైవే అవతల ఒక బస్సు ఆగింది. దాంట్లోంచి భుజాన గొంగడి, చేతిలో కర్రతో ఒకాయన దిగి, అటూ ఇటూ చూసుకుంటూ రోడ్డు దాటి మా గేటు వైపే వస్తున్నాడు. మా నాయిన.

మంద దగ్గర ఇంకొకరిని పెట్టి ఆయన ఊరు దాటడం నాకు తెలిసి నాలుగైదుసార్లకు మించలేదు. నిన్న మామ ఫోన్ చేశాడట. బిడ్డ ఏదో పరేషాన్‌లో ఉంది, పోయి చూసి రమ్మన్నాడట. పొద్దున మిర్యాలగూడలో బస్సు మారేటప్పుడు ఒక కాగితం పొట్లం కూడా ఇచ్చి పంపాడట. నాయిన ఇదంతా నాలుగు మాటల్లో చెప్పి, "మంచిగున్నవా బిడ్డా" అని అడిగాడు. నేను కార్ల వంక చూశాను, సారు వంక చూశాను. నాయిన చేయి పట్టుకుని గబగబా షెడ్డులోకి తీసుకుపోయి, ఒక స్టూలు మీద కూర్చోబెట్టాను. "గీడనే కూసో నాయినా, బయటికి రాకు" అన్నాను. ఆయన సరేనని, గొంగడి ఒళ్లో పెట్టుకుని, కాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు. ఇన్నేళ్లలో నేనన్న మాటల్లో వెనక్కి తీసుకోవాలనిపించేవి చాలా ఉన్నాయి గానీ, వాటిలో ఇది మొదటిది.

మొదటి ఆట బ్రహ్మాండంగా సాగింది. కోదాడ అమ్మాయి అందరికన్నా బాగా కాల్చింది, కాబోయే మొగుణ్ని రెండుసార్లు రంగులో ముంచింది. సారు మొహం వెలిగిపోయింది. అసలు ముప్పు ఆట మధ్యలో విరామంలో వచ్చింది. పెళ్లికూతురి అన్నదమ్ములు ఉత్సాహవంతులు. గాలి తక్కువైందని, నేను వచ్చేలోపే తామే ట్యాంకులు పట్టుకుని, అచ్చం నాలాగే, గిర్రున తిప్పి ఊడబీకారు. టప్పు, టప్పు అని నాకు షెడ్డు దాకా వినపడింది. ఎన్ని ఊడబీకారో, ఏవి మళ్లీ బిగించారో వాళ్లకే తెలియదు. ఎనిమిది తుపాకులూ తెచ్చి నా బల్ల మీద కుప్పపోసి, "అక్కా, గాలి పోతుందండీ, కాస్త చూసి పెట్టండి" అని వెళ్లిపోయారు. ఇంకో పావుగంటలో రెండో ఆట.

ఏది లీకవుతుందో చెవి పెట్టి విందామంటే పక్కనే గాలి నింపే కంప్రెసరు డబడబమని మోత. ఆపుదామంటే ట్యాంకుల్లోకి గాలి ఎక్కాలి. సబ్బు నీళ్లు పూస్తే లీకైన చోట బుడగలొస్తాయి కదా అని, చేతికందిన సబ్బు పొడంతా బకెట్లో పోశాను. కంగారులో ఎక్కువైంది. ఎనిమిది ట్యాంకులూ తలంటు పోసుకున్నట్టు నురగ కట్టాయి, ఏది బుడగో ఏది నురగో తెలియలేదు. నాకు ఏడుపొచ్చింది. నాయిన ముందు ఏడవకూడదని అటు తిరిగి నిలబడ్డాను.

నాయిన స్టూలు మీంచి లేచాడు. తల తువ్వాల తీసి ఒక్కొక్క ట్యాంకు మెడా పొడిగా తుడిచాడు. తర్వాత ఒక్కొక్క తుపాకీనీ ఎత్తి, ఆ మెడ దగ్గరికి జానెడు దూరంలో తన చెంప పెట్టి, కళ్లు మూసుకున్నాడు. అప్పుడే పుట్టిన గొర్రెపిల్ల కదలకుండా పడి ఉంటే ఆయన అట్లాగే చెంప పెట్టి చూస్తాడు, ఊపిరి ఉందా లేదా అని. చిన్నప్పటి నుంచీ నేను చూస్తున్నదే. మోత ఆయనకు అడ్డం రాలేదు, ఆయన వింటే కదా. "గిది మంచిగుంది" అని ఒకటి పక్కన పెట్టాడు. "గిది ఊపిరి ఇడుస్తుంది" అని ఇంకోటి నా ముందుకు జరిపాడు. అట్లా మూడు జరిపాడు. నా దగ్గర రింగులు లేవని అప్పుడు గుర్తొచ్చింది. నాయిన గొంగడి మడతలోంచి మామ ఇచ్చిన పొట్లం తీశాడు. విప్పితే గుప్పెడు నల్ల రింగులు, ఒక చిన్న సిలికాన్ ఆయిలు సీసా, పళ్లు కుట్టుకునే పుల్లలు నాలుగు. (ఇనుప మేకుతో గెలికితే రింగు కూర్చునే గాడి గీసుకుపోతుంది, పుల్లతోనే తీయాలి. మేనకోడలు మేకు వాడుతుందని కూడా మామ ఊహించాడన్న మాట.)

నాయిన తుపాకీని రెండు మోకాళ్ల మధ్య ఇరికించి, ఉన్ని కత్తిరించేటప్పుడు గొర్రెను పట్టుకున్నట్టు కదలకుండా పట్టుకున్నాడు. నేను సగం తిప్పాను, ఆగాను, గోడ మీదికి కాల్చి మిగిలిన గాలి వదిలాను, మెల్లగా విప్పాను. పుల్లతో పాత రింగు తీసి, తుడిచి, ఒక్క బొట్టు ఆయిలు రాసి, కొత్తది వేలితో అదిమి కూర్చోబెట్టాను. మొదటిదానికి పుల్ల రెండుసార్లు జారింది, మూడోదానికి జారలేదు. నాయిన మళ్లీ చెంప పెట్టి చూసి తలూపాడు. అప్పుడు తలుపు తెరుచుకుని హైవే సారు లోపలికి వచ్చాడు. వెనకాలే కోదాడ పెద్దాయన, అంటే పెళ్లికూతురి తండ్రి. ఆయన వీపు మీద అరచేయంత పచ్చరంగు మరక ఉంది. (కాబోయే అల్లుడే కొట్టాడట, పొరపాటున.)

సారు నాయినను ఎగాదిగా చూసి, "ఈయనెవరమ్మా, కొత్త మెకానిక్కా" అని అడిగాడు. నేను నోరు తెరిచేలోపే నాయిన లేచి నిలబడ్డాడు. చేతులు కట్టుకున్నాడు.

"అవును సారు. మిర్యాలగూడ నుంచి వచ్చిన. మేడమ్ రమ్మన్నది."

మేడమ్. మా నాయిన నన్ను మేడమ్ అన్నాడు. బయటికి రాకని నేనెందుకన్నానో ఆయనకు అప్పుడే అర్థమైపోయింది. అర్థమైనా నొచ్చుకోలేదు, ఇంకా నాకు సాయం చేస్తున్నాననే అనుకుంటున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఆయన అబద్ధం చెప్పగా నేను వినలేదు. నా కోసం చెప్పాడు, అదీ చాలా పేలవంగా, నేల చూస్తూ. ఆ తర్వాత మాటలు ఎట్లా వచ్చాయో నాకు తెలియదు.

"కాదు సార్. మా నాయిన. గొర్లు కాస్తడు. ఇప్పుడు ఏవి లీకైతున్నయో కనిపెట్టింది ఆయననే. రింగులు మా మామ పంపిండు. ఇంకొకటి సార్, హైదరాబాదోళ్ల రబ్బరు మంచిదే. గాలుండంగనే ట్యాంకులు ఇప్పి నేనే చింపిన. నాకు ఈ పని రాదు సార్, వచ్చని చెప్పిన."

కంప్రెసరు సరిగ్గా అప్పుడే నిండి ఆగిపోయింది. సారు మొహం ఎర్రబడింది. ఆ రిపోర్టు పట్టుకుని ఫోనులో ఎంతమందిని ఎన్ని మాటలన్నాడో గుర్తొచ్చి ఉంటుంది. ఏదో అనబోయి, వియ్యంకుడి ముందు అనలేక, "రేపు మాట్లాడుదాం" అన్నాడు. అంతలో కోదాడ పెద్దాయన మమ్మల్నందరినీ దాటుకుని నాయిన దగ్గరికి వెళ్లి, ఆ గొంగడి అంచు చేత్తో పట్టుకుని చూశాడు. "ఇది ఎక్కడ నేయించారండీ? మా నాన్నగారికి ఇలాంటిదే ఉండేది. ఇప్పుడెక్కడా దొరకట్లేదు" అన్నాడు. నాయిన ఆ ఊరి పేరు చెప్పాడు. ఆయన అక్కడే ఉన్న బస్తా మీద కూలబడి, నేనిక ఆడలేనండి, మీరు కానివ్వండి అని సారును పంపేశాడు. ఆ గంటసేపూ ఇద్దరూ ఉన్ని గురించి, గొర్ల గురించి, పెద్దవూర వైపు మేత గురించి మాట్లాడుకున్నారు. నాయిన ఒక మనిషితో అంతసేపు మాట్లాడటం నేను మొదటిసారి చూశాను. బయట ఎనిమిది తుపాకులూ ఆగకుండా కాల్చాయి. సంబంధం ఖాయమైంది. (దాంట్లో నా రింగుల పాత్ర ఎంతో నేను చెప్పుకోకూడదు.)

సాయంత్రం నాయినను బస్సెక్కించడానికి వెళ్లాను. క్షమించమని అడగాలని దారి పొడుగునా మాటలు కూర్చుకున్నాను. బస్సు ముందే వచ్చేసింది. నాయిన మెట్టు మీద ఒక కాలు పెట్టి, వెనక్కి తిరిగి, "పుల్లలు ఇంక రెండున్నయి, పారేయకు" అని చెప్పి లోపలికి వెళ్లి కూర్చున్నాడు.

సోమవారం సారు నన్ను ఎదురుగా కూర్చోబెట్టి, ఫోను నా చేతికిచ్చి, హైదరాబాదు వాళ్లకు నువ్వే చెప్పు అన్నాడు. తిట్లకన్నా కష్టమైన శిక్ష అది. నేను మెల్లగా, తడబడుతూ, తప్పంతా నాదేనని చెప్పాను. అవతలి ఆయన చివరిదాకా విని, నవ్వాపుకుంటూ, మొదటి వారమే తమకు అనుమానం వచ్చిందని, కానీ రిపోర్టు చాలా బాగుందని, ముఖ్యంగా ఆ గ్రాఫును ఆఫీసులో అందరూ చూశారని చెప్పాడు. సారు అంతా విన్నాడు. కాసేపు బల్ల మీద వేళ్లతో తాళం వేసి, "రాసుడు మంచిగ రాస్తవు. గదే చేత్తోని ట్యాంకు ఎట్ల ఇప్పాల్నో పెద్ద అచ్చరాలతోని రాసి గోడకు పెట్టు. ఇగ పో, పని చేసుకో" అన్నాడు. ఉద్యోగం ఉందో ఊడిందో నేరుగా చెప్పలేదు గానీ, పని చేసుకోమన్నాడు కదా అని ఇంకో మూడేళ్లు చేసుకున్నాను.

ఆ తర్వాత రెండు వారాలకు ఊరికి పోయాను. మా ఇంటి ముందుకు చేరేసరికి అరుగు మీద పురుగు మందు కొట్టే స్ప్రేయర్లు వరసగా పెట్టి ఉన్నాయి, మొత్తం ఏడు. పక్కనే వాటి యజమానులు కూర్చుని చాయ్ తాగుతున్నారు. ఇదేంటి నాయినా అంటే, ఆయన కొంచెం మొహమాటంగా తల గోక్కున్నాడు. గ్యాస్ కంపెనీ ఆఫీసరు పదవి నుంచి నన్ను నాకు చెప్పకుండానే తప్పించి, ఆయన ఊళ్లో కొత్త మాట చెప్పుకుంటున్నాడట. పక్కింటి చిన్నమ్మ ఆ మాటను ఆయన గొంతుతోనే చెప్పి చూపించింది. "మా బిడ్డ గాలి ఆపుతది. ఏడ లీకైనా సరే, ఆపుతది."

చీర చెంగు దోపుకుని కూర్చున్నాను. స్ప్రేయరు లోపల ఎట్లా ఉంటుందో నేను అప్పటిదాకా చూడనే లేదు. నాయిన పక్కన గొంతుక్కూర్చుని, విప్పిన మరలన్నీ తువ్వాల మీద వరసగా పేరుస్తూ పోయాడు. పొద్దు వాలేసరికి ఏడింటిలో ఐదు బాగుపడ్డాయి. మిగిలిన రెండూ నా చేతిలో మళ్లీ ఎవరూ బాగుచేయలేనంతగా పాడయ్యాయి. ఒంటినిండా మందు వాసనతో, ముక్కు మీద గ్రీజు మరకతో, ఆ రెండిటినీ ఒళ్లో పెట్టుకుని బిక్కమొహం వేసుకున్న ఆ పిల్ల ఇప్పుడు గుర్తొస్తే, దగ్గరికి పిలిచి తల నిమరాలనిపిస్తుంది. వాటి యజమానులిద్దరూ ఇప్పటికీ ఊళ్లో ఎదురుపడతారు, ఎప్పుడొచ్చినవ్ బిడ్డా అని పలకరిస్తారు. ఆ స్ప్రేయర్ల మాట మాత్రం ఇంతవరకూ ఎత్తలేదు. ఆ రోజు చాయ్ గ్లాసులు కింద పెట్టి, పాడైన వాటిని భుజానికెత్తుకుంటూ, వాళ్లు ఒకసారి మా నాయిన మొహం చూశారు. అంత గర్వంగా ఉన్న మనిషితో ఏమంటారు? "మంచిగ జేసింది" అని చెప్పి వెళ్లిపోయారు.